రెండు సెకన్ల సరుకుతో నడిచే ఒళ్లు

పెళ్ళి మండపాలకు ఏసీలు బిగించే ఇంజనీర్లు మనుషుల్ని వాట్లలో లెక్కేస్తారు. ఊరికే కుర్చీలో కూర్చున్న మనిషికి సుమారు 100 వాట్లు. వెయ్యి మంది అతిథులు నిండిన హాల్లో వాళ్ల ఒంటి వేడే 100 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తోడే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే లైట్లు, వంటల ఆవిరి, తలుపు తీసినప్పుడల్లా దూరే వడగాలి అన్నీ పక్కన పెట్టినా, వచ్చినవాళ్ల ఒంటి వేడిని తియ్యడానికే 28 టన్నుల ఏసీ కావాలి.

ఈ 100 వాట్లు ఎలా వచ్చాయో ఎవరైనా లెక్కకట్టి చూసుకోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం, పెద్దగా ఒళ్లు వంచని పని చేసే 65 కిలోల మగమనిషికి రోజుకి 2,110 కేలరీలు కావాలి. అదే తీరు పని చేసే 55 కిలోల స్త్రీకి 1,660. బరువు పనులు చేసేవాళ్లకైతే మగవాళ్లకు 3,470, ఆడవాళ్లకు 2,720. (ఇక్కడ కేలరీ అన్నచోటల్లా బిస్కెట్ ప్యాకెట్ మీద అచ్చువేసే కిలోకేలరీ అనే అర్థం.) ఒక్కో కేలరీ 4,184 జౌళ్లు. 2,110ని దానితో హెచ్చవేసి, రోజులోని 86,400 సెకన్లతో భాగిస్తే 102 వాట్లు వస్తుంది.

కిలోకి ఎంత పడుతుందో చూస్తే ఇంకో తమాషా బయటపడుతుంది. 102 వాట్లను 65 కిలోలకు పంచితే కిలోకి ఒకటిన్నర వాట్. సూర్యుడి మొత్తం వెలుగును ఆయన బరువుతో భాగిస్తే, ఒక్క వాట్ పుట్టడానికి ఐదు టన్నుల పైచిలుకు సూర్య పదార్థం కావాలి. కిలోకి కిలో చూస్తే కుర్చీలో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన సూర్యుడికంటే 8 వేల రెట్లు ఎక్కువ శక్తి విడుదల చేస్తున్నాడు. సూర్యుడి గొప్పంతా ఆ బరువులోనే ఉంది. జీవం గొప్ప మాత్రం వేగంలో ఉంది. ఆ వేగాన్ని నిలబెట్టడానికి ఒంట్లో ఏ సరుకు ఎంత ఉంటుంది, అది ఎంతసేపు వస్తుంది అన్నదే ఈ కథనం.

ముందు ఖర్చు ఎక్కడ అవుతుందో చూద్దాం. కదలకుండా పడుకున్నా రోజుకి 1,600 కేలరీల దాకా ఖర్చు తప్పదు. అందులో సగానికి పైగా, దాదాపు 60 శాతం, నాలుగు అవయవాలకే పోతుంది: మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు. ఈ నాలుగూ కలిపితే ఒంటి బరువులో ఆరు శాతం కూడా లేవు. గుండెకీ మూత్రపిండాలకీ కిలోకి రోజుకి 440 కేలరీలు పడతాయి. మెదడుకి 240, కాలేయానికి 200. విశ్రాంతిలో ఉన్న కండకి కిలోకి 13 చాలు, కొవ్వుకి నాలుగున్నర. కిలో 400 గ్రాముల మెదడు ఖర్చు రోజుకి 336 కేలరీలు, అంటే 16 వాట్లు. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడు బుర్ర వాడీ వాడీ అలిసిపోయానంటే జాలిపడవచ్చు గానీ, మెదడు ఖర్చు పరీక్ష హాల్లో ఒకలా, ఊరికే కూర్చున్నప్పుడు ఇంకోలా పెద్దగా మారదు. అది ఆలోచించినా మానినా దాని బిల్లు దానికి వస్తూనే ఉంటుంది.

ఇక నిల్వలు. 65 కిలోల మనిషి ఒంట్లో కరిగించి వాడుకోదగ్గ కొవ్వు 10 కిలోలుందనుకుందాం. గ్రాముకి 9 కేలరీల చొప్పున 90 వేల కేలరీలు. రోజుకి 2,110 చొప్పున 42 రోజులకు సరిపోతుంది. వారాల తరబడి జరిగిన నిరాహార దీక్షల చరిత్ర ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది 58వ రోజున. కొవ్వు తర్వాతి నిల్వ గ్లైకోజెన్, అంటే గ్లూకోజ్‌ను గొలుసుగా అల్లి దాచుకున్న పిండిపదార్థం. కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగు వందల గ్రాములు. గ్రాముకి 4 కేలరీల లెక్కన మొత్తం 2 వేలు. ఒక్కరోజు సరుకు.

ఈ రెండింటిలో ఏదీ కండరాన్ని నేరుగా కదిలించలేదు. నెయ్యి వేసిన ముద్దపప్పు అన్నమైనా, నడుం చుట్టూ పేరుకున్న కొవ్వైనా కండ దగ్గరికి వెళ్లేసరికి ఒకే ఒక పదార్థంగా మారితేనే పని జరుగుతుంది. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పుస్తకాల్లో ఏటీపీ. ఒళ్లంతా వెతికినా అది దొరికేది 50 నుంచి 100 గ్రాములే. పడుకుని ఉంటే రెండు నిమిషాలకు చాలుతుంది. శక్తికొద్దీ పరుగెత్తితే కాలి కండలోని ఏటీపీ రెండు, మూడు సెకన్ల సరుకు. ఆ కండలోనే ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. ఏటీపీ తరిగిన వెంటనే తన దగ్గరున్న ఫాస్ఫేట్‌ను ఇచ్చి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. అది మహా అయితే పది సెకన్లు ఆదుకుంటుంది. వంద మీటర్ల పరుగు పది సెకన్ల పోటీ కావడం, ఆ తర్వాత ఎంతటివాడి వేగమైనా తగ్గిపోవడం ఊరికే జరగలేదు.

ఈ రెండు పదార్థాలనూ కనిపెట్టినవాళ్లలో మన భీమవరం మనిషి ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరారు. అప్పగించిన పని చూడ్డానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే మంచి పద్ధతి కావాలి. 1925లో ఇద్దరూ ఆ పద్ధతిని ప్రచురించారు. నమూనాలో ఆమ్లమూ మాలిబ్డేటూ కలిపి, మరో రసాయనం చేరిస్తే ద్రావణం నీలం తిరుగుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగు చిక్కదనాన్ని తెలిసిన ద్రావణంతో పోల్చి మోతాదు చెప్పేస్తారు. ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల తరబడి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో నడిచింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉటంకించిన పరిశోధనా పత్రాల్లో అదొకటి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. రక్తం నమూనా ఐతే నీలం గబగబా ఎక్కి ఆగిపోయేది. పిల్లి కండ నుంచి తీసిన సారంలో అలా జరగలేదు. రంగు నెమ్మదిగా వచ్చింది, వచ్చినది అక్కడితో ఆగకుండా నిమిషాల తరబడి చిక్కబడుతూనే పోయింది. ఇంకొకరైతే నమూనా పాడైందనుకుని పారబోసేవారేమో. వీళ్లు గడియారం పెట్టుకుని ఆ ఆలస్యాన్నే కొలిచారు. అర్థమైందేమిటంటే, కండలో దేనికో అతుక్కుని ఉన్న ఫాస్ఫేట్ కొంత ఆమ్లం తగిలేసరికి కొంచెం కొంచెంగా ఊడి బయటికి వస్తోంది. ఆ ‘దేనికో’ క్రియాటిన్ అని తేల్చి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని ప్రకటించారు. కండకి విద్యుత్తు తగిలించి ఆడిస్తే అది తరిగిపోతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ నిండుతోంది. 1929లో అదే దారిలో ఏటీపీని బయటికి తీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. కొన్ని పాఠ్యపుస్తకాల్లో లోమన్ పేరు మాత్రమే కనబడుతుంది. అది సగం నిజం.

అప్పటికి శాస్త్రం నమ్మినదేమిటి? కండ ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లం. ఆ కండరాల పరిశోధనకే ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ ఇచ్చారు. ఫిస్క్, సుబ్బారావుల నీలిరంగు ఆ నమ్మకానికి బీట పెట్టింది. 1930లో డెన్మార్క్‌లో ఐనర్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషం పెట్టిన కండలు కూడా ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతవరకు కదులుతున్నాయని చూపించడంతో పాత సిద్ధాంతం కూలింది. సుబ్బారావుకి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ కంపెనీకి మారారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, గోదావరి జిల్లాలను పట్టి పీడించిన బోదకాలుకి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ వగైరాలన్నీ ఆయన నాయకత్వంలో అక్కణ్నుంచి వచ్చినవే. 1948లో 53 ఏళ్లకే పోయారు. తెలుగునాట సుబ్బారావు పేరెత్తితే మందుల గురించే చెబుతారు. నన్నడిగితే ఆ మందులన్నింటికన్నా ఆ ఆగని నీలిరంగే పెద్దది. ఆ దారిలో దొరికిన ఏటీపీ ప్రాణమున్న ప్రతిదానికీ వర్తిస్తుంది, బాక్టీరియా నుంచి మర్రిచెట్టు దాకా.

ఇప్పుడు అసలు లెక్క. ఒక గ్రామ్-అణువు గ్లూకోజ్‌లో, అంటే 180 గ్రాముల్లో, 670 కేలరీలుంటాయి. దాంతో కణాలు సుమారు 30 గ్రామ్-అణువుల ఏటీపీ చేసుకుంటాయి. ఒక గ్రామ్-అణువు ఏటీపీ బరువు 507 గ్రాములు. తిన్నదంతా గ్లూకోజే అనుకుని 2,110ని 670తో భాగిస్తే మూడు పైచిలుకు, దాన్ని 30తోనూ 507తోనూ హెచ్చిస్తే దాదాపు 48 కిలోలు. ఆఫీసులో కుర్చీ వదలని మనిషి ఒంట్లో రోజుకి 48 కిలోల ఏటీపీ తయారవుతోంది. ఒంట్లో ఉన్నదేమో 60 గ్రాములు! ఒక్కో అణువూ విరగడం, మళ్లీ అతకడం రోజుకి ఎనిమిది వందల సార్లు జరిగితే తప్ప ఈ లెక్క కుదరదు.

ఇంత వేగంగా అతికించేది ఎవరు? కణాల్లోని మైటోకాండ్రియా. ఎలా అతికిస్తాయో 1961లో ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ చెప్పినప్పుడు తోటివాళ్లు చాలాకాలం నమ్మలేదు. విశ్వవిద్యాలయం వదిలి కార్న్‌వాల్‌లో ఒక పాత బంగళాను బాగుచేయించుకుని, అక్కడే ప్రయోగశాల పెట్టుకుని పనిచేశాడాయన. 1978లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది శ్రీశైలం డ్యామ్ చూసినవాళ్లకు కష్టమేమీ కాదు. తిండిలోంచి తీసిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొర మీదుగా ఆక్సిజన్ దాకా మెట్టుమెట్టుగా దిగుతాయి. దిగుతున్నప్పుడల్లా వాటి శక్తితో ప్రోటాన్లు పొరకి అవతల పోగుపడతాయి. ఎగువన నిలిచిన నీళ్లలా ఆ ప్రోటాన్లు మళ్లీ ఇవతలికి రావాలని చూస్తాయి. వాటికున్న దారి ఒక టర్బైన్ గుండానే. ఆ టర్బైన్ తిరిగితే ఏటీపీ.

టర్బైన్ అన్నది పోలికగా మొదలైంది గానీ అక్షరాలా నిజమని తేలింది. ఏటీపీ సింథేజ్ అనే ఆ ప్రోటీన్ నిజంగానే గిరగిరా తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రజ్ఞులు దానికి మెరిసే ప్రోటీన్ పోగును తోకలా తగిలించి, సూక్ష్మదర్శిని కింద తోక తిరుగుతుంటే చిత్రీకరించారు. అదే ఏడాది ఆ యంత్రం పనితీరు విప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు నోబెల్ వచ్చింది. మనలాంటి క్షీరదాల్లో ఎనిమిది ప్రోటాన్లు దాటితే ఒక చుట్టు. ఒక చుట్టుకి మూడు ఏటీపీలు. పొరకి ఇటూ అటూ ఉండే వోల్టేజి 0.15 వోల్టులే. టార్చిలైటు బ్యాటరీలో పదో వంతు. కానీ పొర మందం మీటరులో వందకోట్లో వంతులు ఐదారు మాత్రమే. మీటరుకి లెక్కకడితే మూడు కోట్ల వోల్టులు! పొడి గాలిలో మెరుపు మెరవడానికి మీటరుకి 30 లక్షలు చాలు.

ఆనకట్టకు గండి పడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ మందుగుండు ఫ్యాక్టరీల్లో డైనైట్రోఫినాల్ అనే రసాయనం తగిలిన కార్మికులు జ్వరంతో, చెమటలతో చిక్కిపోయారు. 1930లలో అమెరికాలో దాన్నే బరువు తగ్గించే మాత్రగా అమ్మారు. అది పొరకు చిల్లులు పెట్టినట్టు ప్రోటాన్లను టర్బైన్ దాకా పోకుండానే జారవిడుస్తుంది. తిన్నదంతా ఏటీపీ కాకుండా వేడి అవుతుంది. బరువు తగ్గిన మాట నిజమే, ఒళ్లు కాలిపోయి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. 1938లో అమెరికా దాన్ని మనుషులకు వాడరాదని ఆపేసింది. ఇంటర్నెట్‌లో దొంగచాటుగా దాన్ని కొని ఇప్పటికీ ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. పుట్టిన పసిబిడ్డలో మాత్రం ప్రకృతి ఇదే గండిని అదుపులో పెట్టి వాడుతుంది. మెడ వెనక, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వు ప్రోటాన్లను కావాలనే జారవిడిచి బిడ్డని వెచ్చగా ఉంచుతుంది.

నలభై రోజులు తిండి లేకుండా బతకగలిగిన మనిషి ఐదు నిమిషాలు గాలి లేకుండా ఎందుకు ఉండలేడో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొవ్వు కొండంత ఉన్నా, మెట్లు దిగొచ్చిన ఎలక్ట్రాన్లను చివర్న అందుకోవడానికి ఆక్సిజన్ లేకపోతే వరసంతా నిలిచిపోతుంది. టర్బైన్ ఆగుతుంది. మెదడుకున్న ఏటీపీ నిమిషాల్లో అడుగంటుతుంది. సైనైడ్ చేసేదీ ఇదే. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా దాన్ని అందుకునే చివరి మెట్టును మూసేస్తుంది.

ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయితే 4.8 కేలరీలు విడుదలవుతాయి. 2,110 కేలరీలకు రోజుకి 440 లీటర్లు కావాలి. లోపలికి పీల్చినదానికి లెక్క ఉంటే బయటికి పోయేదానికీ ఉండాలి కదా. పదికిలోల కొవ్వు కరిగితే అది ఎటు పోతుందని అడిగితే చెమటగా అనో, వేడిగా అనో చెబుతాం. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కకట్టి చూపించారు: పదిలో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి పోతాయి. మిగిలిన 1.6 కిలోలు నీళ్లు. సన్నబడటమంటే ఊపిరి వదలడమే. అలాగని ఊరికే గబగబా ఊపిరి వదిలితే తలతిరగడం తప్ప లాభముండదు. ముందు ఏటీపీకి గిరాకీ పుట్టాలి.

గిరాకీ పుట్టించడం అనుకున్నంత తేలిక కాదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. ఎత్తు తేడా 700 మీటర్లు అనుకుందాం. 65 కిలోల ఒంటిని అంత ఎత్తుకి లేపడానికి కావలసిన పని 107 కేలరీలు. కండలు తమకందిన శక్తిలో నాలుగో వంతే పనిగా మార్చగలవు, మిగతా మూడు వంతులూ వేడే. కనుక అసలు ఖర్చు 430. తొమ్మిది కిలోమీటర్లు నడిచినందుకు ఇంకో మూడు వందలు వేసుకుంటే 730. కొండ మీద దొరికే లడ్డూ 175 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. శనగపిండి, చక్కెర, నెయ్యి కలిసిన సరుకు గ్రాముకి నాలుగు కేలరీలకు తగ్గదు. 700. మోకాళ్లు పట్టేసేలా ఎక్కినదీ, ప్రసాదం ఎవరికీ పెట్టకుండా తిన్నదీ సరికి సరి. పుణ్యం లెక్కల్లోకి రాలేదు.

ఇంకా చిత్రమైన సంగతి టాంజానియా నుంచి వచ్చింది. అక్కడ హడ్జా అనే తెగ వాళ్లు ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతారు. రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం వాళ్ల రోజువారీ ఖర్చు కొలిస్తే, ఒంటి సైజుని లెక్కలోకి తీసుకున్నాక, కార్లలో తిరిగే అమెరికన్ల ఖర్చుకీ దీనికీ తేడా కనబడలేదు. శ్రమ పెరిగితే ఒళ్లు వేరేచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన. దీని మీద ఇంకా గొడవ నడుస్తోంది. 29 దేశాల్లో 6,400 మందిని, ఎనిమిది రోజుల బిడ్డ నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా, కొలిచిన 2021 నాటి ఫలితం ఇంకోటి ఉంది. సైజు తేడా తీసేస్తే శక్తి ఖర్చు అత్యధికంగా ఉండేది ఏడాది వయసులో, పెద్దవాళ్లకంటే 50 శాతం ఎక్కువ. 20 నుంచి 60 ఏళ్ల దాకా గీత గీసినట్టు ఒకటే. అరవై దాటాక ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. నలభై దాటాక ఒంట్లో కరిగే గుణం పోయిందని వాపోయేవాళ్లకు ఈ అంకెలు సాయపడవు.

మనిషిని వదిలి మిగతా జీవులకేసి చూస్తే, 1932లో కాలిఫోర్నియాలో మాక్స్ క్లైబర్ గమనించిన సూత్రం ఒకటి ఒంటిని వెచ్చగా ఉంచుకునే జంతువులకు వర్తిస్తుంది. జంతువు బరువు పెరిగినంతగా దాని ఖర్చు పెరగదు. కిలోల్లో ఉన్న బరువుని నాలుగింట మూడో ఘాతానికి పెంచి 70తో హెచ్చిస్తే, విశ్రాంతిలో రోజుకయ్యే కేలరీలు వస్తాయి. 25 గ్రాముల చిట్టెలుకకు నాలుగున్నర, మనిషికి 1,600, నాలుగు టన్నుల ఏనుగుకి 35 వేలు. కిలోకి పంచితే ఎలుకకి 176, మనకి 25, ఏనుగుకి 9. గ్రాముకి గ్రాము చూస్తే ఎలుక ఏనుగుకంటే ఇరవై రెట్లు ఎక్కువగా మండుతోంది. ఎందుకు సరిగ్గా నాలుగింట మూడు అన్నదానికి ఒక్క మాటమీద నిలబడ్డ వివరణ లేదు. పాములు, తొండల దారి వేరు. ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు కాబట్టి, అదే బరువున్న క్షీరదంతో పోలిస్తే వాటికి ఐదో వంతు నుంచి పదో వంతు చాలు. బర్మా కొండచిలువ నెలకోసారి తిన్నా బతికేస్తుంది. తిన్న మర్నాడు మాత్రం అరుగుదల కోసం దాని ఖర్చు 30, 40 రెట్లకు ఎగబాకుతుంది.

ఇంతకీ ఈ శక్తంతా మొదట పట్టేది ఆకు. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర గంధకపు రసాయనాలతో బతికే లోకం ఒకటుందని 1977లో గాలపగోస్ దీవుల దగ్గర బయటపడింది. సూర్యుడు లేకుండానే జీవం అని అప్పట్లో గొప్పగా రాశారు. అక్కడి పెద్ద పురుగులు, ఆల్చిప్పలు వాడుకునే ఆక్సిజన్ మాత్రం పైనుంచి దిగిందే, అంటే ఏ ఆకో నాచో వదిలిందే.

ఆకు పట్టేది ఎంత? డెల్టాలో దాళ్వా (రబీ) పంట తీసుకుందాం. ఎకరాకి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు, మొత్తం 2,250 కిలోల ధాన్యం. కిలోకి 15 మెగాజౌళ్ల చొప్పున 33,750 మెగాజౌళ్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. ఒక్కో చదరపు మీటరు మీద రోజుకి 18 మెగాజౌళ్ల ఎండ పడిందనుకుంటే 120 రోజుల్లో ఆ చేలో పడిన ఎండ 87 లక్షల మెగాజౌళ్లు. ధాన్యంగా చేతికొచ్చింది అందులో 0.4 శాతం. గడ్డిని కలిపినా ఒక శాతానికి చేరదు.

మిగతా 99 శాతం ఎక్కడికి పోయినట్టు? ఎండలో సగం పరారుణ కాంతి, ఆకుకి పనికిరాదు. నాట్లేసిన మొదటి నెల ఎండలో చాలా భాగం మొక్కల సందుల్లోంచి నీళ్ల మీద పడుతుంది. కోత ముందు పైరు పండిపోయి ఆకులు పచ్చదనం పోగొట్టుకుంటాయి. వీటన్నింటికీ తోడు రుబిస్కో ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర దారిలో పెట్టే ఎంజైమ్ అది. లోకంలో ఇంత ఎక్కువగా ఉన్న ప్రోటీన్ మరొకటి లేకపోవచ్చు. అంత ఉండటానికి కారణం దాని బద్ధకమే. సెకనుకి మూడు నుంచి పది అణువులు, అంతే. పైగా కార్బన్ డయాక్సైడ్‌కు బదులు పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఎండ ముదిరినకొద్దీ ఆ పొరపాట్లు ఎక్కువ. వాటిని సరిదిద్దుకోవడానికి వరి తను పట్టిన శక్తిలో నాలుగో వంతు దాకా పోగొట్టుకుంటుంది. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు ఈ బెడదకి విరుగుడు కనుక్కున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఒక చోట పోగుచేసి రుబిస్కో చుట్టూ చిక్కగా నింపుతాయి, ఆక్సిజన్‌కు సందు దొరకదు. అన్నీ అనుకూలిస్తే వరి లాంటి మొక్కలు ఎండలో 4.6 శాతం పట్టగలవని, జొన్న లాంటివి 6 శాతం పట్టగలవని సిద్ధాంత లెక్క. జొన్న తెలివిని వరికి నేర్పాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ప్రయత్నానికి పదిహేనేళ్లు దాటాయి. ఆకు నిర్మాణమే మార్చాల్సిన పని కావడంతో ఇంకా రైతు చేతికి అందలేదు.

ఇందాకటి ఎకరాలో ధాన్యం మరపడితే 1,500 కిలోల బియ్యం, 52 లక్షల 50 వేల కేలరీలు. ఒక మనిషికి ఏడాదికి కావలసింది 7 లక్షల 70 వేలు. కూర, పప్పు, పాలు ఏమీ లేకుండా ఒట్టి అన్నంతో కేలరీల లెక్క మాత్రమే చూస్తే, ఒక్కరిని ఏడాదంతా నడిపే 100 వాట్లు పదిహేను సెంట్ల భూమిలో ఒక్క పంటతో పుడతాయి. సార్వా (ఖరీఫ్) కూడా ఇంతే పండితే ఏడున్నర సెంట్లు. ఆ పదిహేను సెంట్ల మీద పడింది ఎండ ఒక్కటే కాదు. ఎకరాకి రెండు బస్తాల యూరియా చల్లితే 90 కిలోలు. కిలో యూరియా తయారీకి ఫ్యాక్టరీలో సుమారు 25 మెగాజౌళ్లు, అందులో చాలా భాగం సహజవాయువే, ఖర్చవుతాయి. మొత్తం 2,250 మెగాజౌళ్లు. గింజలోకి చేరిన 33,750లో పదిహేనో వంతుకు సమానమైన శక్తి యూరియా బస్తాలోనే ఖర్చయిపోయింది. దుక్కి డీజిల్, మోటారు కరెంటు, మిల్లు కరెంటు ఇంకా కలపలేదు.